ఆరేళ్లు ఆనెకాయ అనుకున్నాను

రక్తం ముందుగా చూసింది మా అమ్మాయి. నేను స్నానం చేసి గదిలోకి వస్తున్నాను. వెనకాలే వచ్చిన తను "అమ్మా, ఆగు, కాలు ఎత్తు" అంది. తిరిగి చూస్తే నా కుడి పాదం పడిన ప్రతిచోటా బఠాణీ గింజంత ఎర్రటి మరక ఉంది. నొప్పి లేదు కాబట్టి నాకు తెలియనే లేదు.

మంచం మీద కూర్చోబెట్టి అరికాలు తన వైపు తిప్పుకుని చూసింది. "ఇది ఎప్పటినుంచి ఉందమ్మా?" అని అడిగింది.

"అది ఆనెకాయే. ఆరేళ్లయి ఉంటుంది."

"ఆనెకాయ ఇంత ఎర్రగా ఉంటుందా?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా అరికాలు నేను సరిగ్గా చూసుకుని చాలా కాలమైంది. అప్పటికి నాకు 67 ఏళ్లు. మోకాలు అంతగా మడవలేను, కళ్లజోడు లేకపోతే దగ్గరి వస్తువు కనిపించదు. ఒంట్లో మనం అన్నిటికంటే తక్కువగా చూసుకునే చోటు అరికాలే. నా వయసువాళ్లయితే మరీ.

అది మొదలైనప్పుడు శనగ గింజంత ఉండేది. కుడి అరికాలిలో లోపలి అంచున, పాదం కొంచెం పైకి వంపు తిరిగే చోట, లేత గులాబీ రంగులో చిన్న బొడిపె. నడుస్తుంటే చెప్పులో చిన్న రాయి ఇరుక్కున్నట్టు అనిపించేది. ఆనెకాయలకు అంటించే మందు పట్టీలు తెచ్చి వేసుకున్నాను. చుట్టూ ఉన్న చర్మం తెల్లగా నాని ఊడిపోయింది కానీ బొడిపె మాత్రం కదల్లేదు. కొన్నాళ్లకు ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడి డాక్టరు చూసి పులిపిరి అన్నారు. చల్లటి ద్రవ నైట్రోజన్ పెట్టి రెండుసార్లు గడ్డకట్టించారు. అది నల్లబడి రాలిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగు నెలలు తిరగకుండా అదే చోట మళ్లీ వచ్చింది.

ఆ రెండుసార్లలో ఎప్పుడూ ముక్క తీసి పరీక్షకు పంపలేదు. పంపాలని నాకూ తెలియదు, అడగలేదు. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పైకి ఆనెకాయ అంటూనే ఉన్నా, పులిపిరి అన్న మాట ఆ రోజు నుంచి నా మనసులో ఉండిపోయింది. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది అని విన్నాను కదా. అందుకని ఇంట్లో ఎప్పుడూ మేజోళ్లు వేసుకునే తిరిగేదాన్ని. నా తువ్వాలు వేరుగా పెట్టుకునేదాన్ని. మా మనవడు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంటే పాదం వెనక్కి లాక్కుని "అటు కూర్చో నాన్నా" అనేదాన్ని. వాడికి అప్పుడు మూడేళ్లు. అలా ఇంకో మూడేళ్లు అన్నాను.

ఆరేళ్లలో అది శనగ గింజ నుంచి గోరంత అయింది. డాక్టరు కొలిస్తే 12 మిల్లీమీటర్లు వచ్చింది. అంత నెమ్మదిగా పెరిగేదాన్ని కన్ను పట్టుకోలేదు. రోజూ కళ్లెదుట ఉన్న పిల్లల ఎదుగుదల తల్లికి ఎలా తెలియదో ఇదీ అంతే. "మొన్న చూసినట్టే ఉంది" అనుకుంటూ ఆరేళ్లు గడిపేశాను.

మా అమ్మాయి ఈసారి నా మాట వినలేదు. ఆ వారంలోనే చర్మవ్యాధుల నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నాకంటే పాతికేళ్లు చిన్నది. ముందు పాదం చూడకుండా పది నిమిషాలు ప్రశ్నలే అడిగారు. ఎన్నాళ్ల నుంచి ఉంది, రంగు మారిందా, ఈమధ్య ఉన్నట్టుండి పెరిగిందా, పుండు పడిందా, ఇంతకుముందు ఎవరైనా ఏమైనా చేశారా, షుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా. తర్వాత రెండు అరికాళ్లు, అరచేతులు, గోళ్లు, చివరికి వీపు కూడా చూశారు. పాదం కోసం వస్తే వీపు ఎందుకా అనుకున్నాను. వీపు మీద గోధుమరంగులో గరుకుగా ఉన్న మచ్చలు నాలుగైదు ఉన్నాయట, నాకు తెలియదు. "ఇవి సెబోరిక్ కెరటోసిస్ అమ్మా. వయసు పైబడినవాళ్లలో చాలామందికి వస్తాయి. మైనం చుక్క అంటించినట్టు చర్మం పైపైనే ఉంటాయి. హాని లేదు. కానీ ఇవి అరచేతుల్లో, అరికాళ్లలో రావు. కాబట్టి కింద ఉన్నది ఇది కాదు" అన్నారు.

తర్వాత అరికాలి మీద జెల్ రాసి, చిన్న దీపం ఉన్న భూతద్దం లాంటి పరికరం పెట్టి చాలాసేపు చూశారు. డెర్మోస్కోప్ అంటారట. దానిలో కనబడుతున్నది మా అమ్మాయికి కూడా చూపించారు. గులాబీ రంగు నేల మీద సన్నటి రక్తనాళాలు రకరకాల ఆకారాల్లో, కొన్ని పూరేకుల్లా, కొన్ని వెంట్రుక పిన్నుల్లా మెలికలు తిరిగి ఉన్నాయంది. బొడిపె చుట్టూ చిన్న గాడి ఉంది, కోట చుట్టూ కందకం ఉన్నట్టు. ఆ గాడిని డాక్టరు గోటి చివరతో చూపించి, "దీన్ని చూస్తే నాకు ఒక అనుమానం వస్తోంది. ఆనెకాయ అయితే గట్టిగా, మధ్యలో మేకులా ఉంటుంది. పులిపిరిలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఇది మెత్తగా, తడిగా, తాకితే రక్తం వచ్చేలా ఉంది. చెమట నాళం నుంచి పుట్టే మామూలు కణితి కావచ్చు" అన్నారు.

కణితి అనగానే నాకు చెవుల్లో హోరు మొదలైంది. ఆవిడ తర్వాత ఏం చెప్పారో కొంతసేపు వినబడలేదు.

నా ముఖం చూసి మాట ఆపారు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మెల్లగా చెప్పారు. కణితి అంటే కణాలు ఒకచోట గుంపు కట్టి పెరగడం, అంతే. ఆ గుంపు తన హద్దులో తాను ఉంటే అది హాని లేని కణితి, బినైన్ అంటారు. హద్దు దాటి పక్కనున్న కండలోకి చొచ్చుకుపోయి, రక్తంలోకో శోషరస (లింఫ్) నాళాల్లోకో చేరి వేరేచోట మొలిస్తే అది క్యాన్సర్. రెండింటికీ ట్యూమర్ అన్న ఒక్క మాటే వాడతాం కాబట్టి అందరూ భయపడతారు అన్నారు. నేను పాతికేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఈ తేడా ఇంత సులువుగా ఎవరైనా చెప్పగలరని ఆ రోజే తెలిసింది.

అయితే నిర్ధారణ చేయకుండా వదలలేనని కూడా అంతే స్పష్టంగా చెప్పారు. అరికాలిలో మెలనోమా అనే క్యాన్సర్ వస్తుందట. మనలాంటి రంగు చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా అరుదే కానీ, వచ్చినప్పుడు ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుందట. అది నల్లగానే ఉండాలని లేదు, రంగు లేకుండా గులాబీగా ఉండే రకం కూడా ఉందట. ఆ రకం, నా బొడిపె, రక్తనాళాల గడ్డలు కంటికి ఒకేలా ఉండొచ్చు. ఆవిడ నా మోకాలి వెనక, గజ్జల్లో వేళ్లతో నొక్కి గడ్డలేమైనా తగులుతున్నాయా అని చూశారు. ఏమీ తగల్లేదు.

"డాక్టరు గారూ, ఆ బొడిపెను ఇప్పుడే కాల్చేయండి, పీడా పోతుంది" అన్నాను.

"కాల్చేస్తే నా చేతిలో మిగిలేది మసే అమ్మా. మసిని మైక్రోస్కోప్ కింద పెట్టి దేన్నీ గుర్తుపట్టలేం. ముందు ముక్క తీసి చూద్దాం" అన్నారు.

ఆ రోజే బయాప్సీ చేశారు. దాని గురించి ముందే తెలిసుంటే నాకు సగం టెన్షన్ తగ్గేది. అరికాలిలో నేరుగా మత్తు ఇంజెక్షన్ ఇస్తే బాగా నొప్పి పుడుతుంది, ఆ చర్మం మందంగా, నరాలు ఎక్కువగా ఉండే చోటు. అందుకని ఆవిడ చీలమండ లోపలి వైపు, పాదానికి వెళ్లే నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక్క పోటు, జివ్వుమంది. పావుగంటకు అరికాలంతా వేరేవాళ్ల కాలులా మొద్దుబారిపోయింది. పెన్ను మూతలా గుండ్రటి అంచున్న 4 మిల్లీమీటర్ల చిన్న పరికరాన్ని బొడిపె మీద పెట్టి తిప్పారు. నొక్కుతున్నట్టు తెలిసింది కానీ నొప్పి తెలియలేదు. ఒక కుట్టు వేశారు. తీసిన ముక్క బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దగా ఉంది. దాన్ని చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేసి, పైన అంటించిన కాగితం మీద నా పేరు, వయసు, కుడి అరికాలు అని రాసి ఉన్నది నాతోనే చదివించారు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

నేను చేసిన ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. గుండె కోసం రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకుంటాను. రక్తం వస్తోందని భయపడి మూడు రోజులుగా దాన్ని నా అంతట నేనే మానేశాను. ఆ మాట విని డాక్టరు నిజంగా కంగారుపడ్డారు. చర్మం మీద చేసే ఇలాంటి చిన్న ఆపరేషన్‌కి మామూలుగా ఆస్పిరిన్ ఆపనక్కర్లేదని, పాదం నుంచి కారే రక్తాన్ని తాను ఆపగలనని, గుండెలో గడ్డకట్టే రక్తాన్ని ఆపలేనని అన్నారు. నాకు గుండెకు మందులిచ్చే డాక్టరుకి అక్కడినుంచే ఫోన్ చేసి మాట్లాడి, ఆ రోజు నుంచే మళ్లీ వేసుకోమన్నారు.

రిపోర్టు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అంత చిన్న ముక్కకు అన్ని రోజులెందుకో అని మొదట విసుక్కున్నాను. ముక్కను ఫార్మలిన్‌లో గట్టిపరిచి, నీరంతా తీసేసి, మైనంలో పోసి దిమ్మ చేస్తారట. ఆ దిమ్మను మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, ఊదా, గులాబీ రంగులు అద్దుతారు. తర్వాత ఇలాంటి ముక్కలను పరీక్షించే డాక్టరు, పేథాలజిస్టు, మైక్రోస్కోప్‌లో చూస్తారు. అనుమానం వస్తే మరికొన్ని పొరలు కోసి ప్రత్యేక రంగులు వేస్తారు. ఇదంతా తెలిశాక ఆలస్యం మీద కోపం పోయింది. భయం పోలేదు.

ఆ తొమ్మిది రోజుల్లో మా ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. ఆయన ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి. కానీ రోజూ పొద్దున్నే నా మంచం దగ్గర కింద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, కట్టు విప్పి, గాయం శుభ్రం చేసి, మందు రాసి కొత్త కట్టు కట్టేవారు. ఏళ్ల తరబడి నేను ఎవరినీ తాకనివ్వని కాలు అది. ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుంటే మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది. నొప్పిగా ఉందనుకుని చెయ్యి ఆపేశారు. కాదని తల ఊపాను.

రిపోర్టు ముందు అమ్మాయి ఫోన్‌కి వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా చూడవద్దనుకున్నాం, కానీ ఆగలేకపోయాం. అందులో నా కంటికి కనిపించింది ట్యూమర్ అన్న మాట ఒక్కటే. దాని ముందు బినైన్ అని ఉంది. నేనది చదవలేదు. డాక్టరు గదిలో కూర్చున్నప్పుడు కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"మీది ఎక్రైన్ పోరోమా. క్యాన్సర్ కాదు" అని మొదటి మాటగా చెప్పేశారు. ఆ తర్వాత తెల్ల కాగితం తీసి బొమ్మ వేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల దాకా ఎక్రైన్ అనే రకం చెమట గ్రంథులు ఉంటాయట. అవి అన్నిటికంటే చిక్కగా ఉండే చోట్లలో అరచేతులు, అరికాళ్లు ముఖ్యమైనవి. అక్కడ వెంట్రుకలు ఉండవు, నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులు మాత్రం నిండా ఉంటాయి. గ్రంథి చర్మం లోతుల్లో చుట్టలా ఉంటుంది. అక్కడినుంచి సన్నటి గొట్టం పైకి వచ్చి, పై పొరలోంచి మరచుట్టులా మెలికలు తిరుగుతూ బయటికి తెరుచుకుంటుంది. ఆ చివరి మెలికల భాగంలోని కణాలను పోలిన కణాలే పోరోమాలో గుంపు కడతాయి. గ్రీకులో దారి, రంధ్రం అనే అర్థమున్న పోరోస్ అన్న మాటలోంచి ఆ పేరు వచ్చింది. 1956లో పింకస్, రోగిన్, గోల్డ్‌మన్ అనే ముగ్గురు దీన్ని మొదటిసారి వేరుగా గుర్తించి రాశారట. అంటే నేను పుట్టేనాటికి దీనికి పేరు పెట్టి ఎన్నో ఏళ్లు కూడా కాలేదు.

రిపోర్టులోని వాక్యాలను ఆవిడ ఒక్కొక్కటే చదివి అర్థం చెప్పారు. చిన్నగా, అన్నీ ఒకేలా ఉన్న కణాలు పై పొర నుంచి కిందికి వెడల్పాటి పట్టీలుగా దిగాయి. పక్కనున్న మామూలు చర్మ కణాలకూ వీటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉంది. అక్కడక్కడ చిన్న చిన్న గొట్టాలు ఏర్పడి ఉన్నాయి, అది చెమట నాళం గుర్తు. కణాల ఆకారం చెదరలేదు, పక్కకు చొచ్చుకుపోయిన జాడ లేదు. ఈ చివరి రెండు మాటలు ఆవిడ చెప్పాక నేనూ రెండుసార్లు పైకి అనుకున్నాను, అలా అనుకుంటే కానీ నమ్మకం కుదరలేదు.

ఎందుకొచ్చింది, నేనేం తప్పు చేశాను అని అడిగాను. చెప్పుల వల్ల కాదు, తిండి వల్ల కాదు, శుభ్రత లేకపోవడం వల్ల కాదన్నారు. ఎక్కువగా నడివయసు దాటినవాళ్లలో కనిపిస్తుంది, ఆడా మగా తేడా లేదు. 2019లో జపాన్ పరిశోధకులు చాలా పోరోమాల్లో వైఎపి1 అనే జన్యువు తెగి వేరే జన్యువుతో అతుక్కుపోయి ఉండటం కనిపెట్టారట. ఆ మార్పు ఆ కణంలోనే, ఆ చోటే జరుగుతుంది. పిల్లలకు వంశంగా రాదు.

"మరి అంటుకుంటుందా?" అని అడిగాను. నా అసలు ప్రశ్న అది.

"అంటుకోదమ్మా. ఇందులో వైరస్ లేదు. ఎవరు తాకినా ఏమీ కాదు."

మనవడిని నా కాళ్ల దగ్గరినుంచి లేపిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. క్యాన్సర్ కాదన్నప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. డాక్టరు పాపం, కారణం తెలియక మంచినీళ్లు తెప్పించారు.

హాని లేనిదైతే వదిలేయొచ్చు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. అడిగితే కోప్పడకుండా వివరించారు. తీసిన 4 మిల్లీమీటర్ల ముక్క ఆ చోటు సంగతే చెబుతుంది, మిగతా భాగం సంగతి చెప్పదు. చాలా ఏళ్లు ఉండిపోయిన పోరోమాలో అరుదుగా పోరోకార్సినోమా అనే క్యాన్సర్ పుడుతుంది. అది శోషరస గ్రంథులకు పాకగలదు. ఉన్నట్టుండి పెరగడం, పుండు పడటం, నొప్పి, మాటిమాటికీ రక్తం రావడం దాని గుర్తులు. నాకు రక్తం వచ్చింది రాపిడి వల్లే కావచ్చు. కానీ నడిచే కాలు, రోజూ ఒరుసుకునే చోటు, ఆరేళ్ల వయసున్న గడ్డ. పూర్తిగా తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు, తీసిందంతా పరీక్షించవచ్చు. మరీ పైపైన ఉన్నవాటిని చెక్కినట్టు తీసేస్తే సరిపోతుందట, నాది కాస్త లోతుకు దిగింది కాబట్టి కోసి తీయాలన్నారు. నాకు ఆ వాదన సబబుగా తోచింది, ఒప్పుకున్నాను.

అంతకుముందు రక్తపరీక్షలు చేశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.8 శాతం వచ్చింది. కాళ్లలో రక్తప్రసరణ, స్పర్శ బాగున్నాయా అని చూశారు. పాదం మీద గాయం మానాలంటే కోయడం కంటే ఇవే ముఖ్యమట.

ఆపరేషన్ ముప్పావుగంటలో అయిపోయింది. మళ్లీ చీలమండ దగ్గర అదే ఇంజెక్షన్. పూర్తి మెలకువగానే ఉన్నాను. బొడిపె చుట్టూ కొద్దిగా మంచి చర్మం కలిపి కంటి ఆకారంలో గీత గీశారు. రక్తం ఆపడానికి చిన్న కరెంటు పెన్నుతో కాల్చినప్పుడు వచ్చిన వాసన మాత్రం భరించలేకపోయాను. ముందే చెప్పుంటే బాగుండేది అనిపించింది. తీసిన ముక్కకు ఒక చివర దారం ముడి వేశారు. ఎందుకంటే, ఏ అంచులోనైనా గడ్డ కణాలు మిగిలినట్టు తేలితే అది పాదంలో మడమ వైపా, వేళ్ల వైపా అన్నది ఆ దారం బట్టి తెలుస్తుందట. ఏడు కుట్లు పడ్డాయి. నాది వంపు అంచున ఉండటం వల్ల చర్మం దగ్గరికి లాగి కుట్టగలిగారు. ఇంకా పెద్దదైనా, సరిగ్గా బరువు పడే చోట ఉన్నా, వేరేచోటి చర్మం తెచ్చి అతికించాల్సి వచ్చేదేమో అన్నారు.

నిజంగా కష్టమైంది ఆ తర్వాతి మూడు వారాలు. అరికాలి కుట్లు ముఖం మీద కుట్లలా వారానికి తీసేసేవి కావు. రెండు మూడు వారాలు ఉంచాలి. అన్నాళ్లూ ఆ పాదం మీద బరువు వేయకూడదు. వాకర్ తెచ్చారు. రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే పక్కన ఒకరు లేవాలి. మంచం మీద ఉన్నంతసేపూ కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా చీలమండ పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. నొప్పికి పారాసెటమాల్ సరిపోయింది. ఎవరి మీదా ఆధారపడకుండా బతికినదాన్ని, ఆ మూడు వారాలు నాకు చాలా పొడుగ్గా అనిపించాయి.

ఆరో రోజు రాత్రి మా ఆయనను లేపడం ఇష్టం లేక, వాకర్ లేకుండా గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాను. పుటుక్కుమని తెలిసింది. తెల్లారి చూస్తే కట్టు నిండా రక్తం, మధ్య కుట్టు ఒకటి తెగిపోయి ఉంది. డాక్టరు మళ్లీ కుట్టలేదు. ఆ కొంచెం చోటు లోపలినుంచి దానంతట అదే పూడుకుంటుంది, కానీ ఆలస్యమవుతుందన్నారు. అలాగే జరిగింది. మిగతా కుట్లు 18వ రోజు తీశారు, ఆ చిన్న చోటు మానడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఈ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రాత్రిపూట మొహమాటపడకుండా పక్కవాళ్లను లేపండి.

ఈలోగా రెండో రిపోర్టు వచ్చింది. మొత్తం గడ్డ పోరోమానే. ఎక్కడా చెడు మార్పు లేదు. పక్క అంచులు, అడుగు అంచు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈసారి ట్యూమర్ అన్న మాట మీద నా చూపు ఆగలేదు, నేరుగా అంచుల సంగతి రాసిన వాక్యం వెతుక్కున్నాను.

మా చెల్లెలికీ, నా స్నేహితురాళ్లకూ ఈ సంగతంతా చెప్పినప్పుడు ఎక్కువమంది అన్నది ఒకటే, "మన వయసులో ఇలాంటివి మామూలే, ఎందుకంత హడావుడి" అని. ఆ మాట వింటే నాకిప్పుడు మనసు ఒప్పుకోదు. మామూలువే ఎక్కువ, నిజమే. నా వీపు మీదివి మామూలువే. నా అరికాలిలోది కూడా చివరికి హాని లేనిదే. కానీ అది హాని లేనిదని తెలిసింది ముక్క తీసి చూసిన తర్వాతే. అంతకుముందు ఆరేళ్లు అది ఏమిటో తెలియకుండానే మోశాను. ఆనెకాయ పట్టీకి తగ్గనిది, తీయించుకున్నా అదే చోట మళ్లీ వచ్చినది, తాకితే రక్తం వచ్చేది ఉంటే దానికి ముందు పెట్టిన పేరును నమ్మకండి. కాల్చడానికో గడ్డకట్టించడానికో ముందు "ముక్క పరీక్షకు పంపుతారా?" అని అడగండి. డాక్టర్లు తప్పుగా అనుకోరు.

ఇప్పుడు నేను నెలకోసారి నేలమీద చిన్న అద్దం పెట్టుకుని, కుర్చీలో కూర్చుని రెండు అరికాళ్లూ దాని మీద చూసుకుంటాను. మా ఆయన పాదాలూ నేనే చూస్తాను. ఏదైనా అనుమానం ఉంటే పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీస్తాం. నెమ్మదిగా పెరిగేదాన్ని పాత ఫొటో పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఆరు నెలలకు డాక్టరు మళ్లీ చూశారు. మచ్చ మీద బొటనవేలితో నొక్కారు, మోకాలి వెనక, గజ్జల్లో మళ్లీ తడిమారు, ఏడాదికి ఒకసారి వచ్చి కనబడమన్నారు. తెగిన కుట్టు చోట కొంచెం గట్టిగా ఉంది, చలిగా ఉన్నప్పుడు లాగినట్టుంటుంది. నడకకు ఇబ్బంది లేదు.

ఇంటికి వచ్చేసరికి మనవడు ఉన్నాడు. వాడికిప్పుడు ఏడేళ్లు. నేను మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే, అలవాటు ప్రకారం కాస్త దూరంగా వెళ్లి కూర్చున్నాడు. "ఇలా రా నాన్నా, ఇక్కడ కూర్చో" అని నా పాదాల దగ్గర చోటు చూపించాను. వచ్చి కూర్చుని, కాసేపు చూసి, "ముట్టుకోనా అమ్మమ్మా?" అని అడిగాడు. ముట్టుకోమన్నాను. మచ్చ వెంబడి వేలు పెట్టి, కుట్లు ఉన్న చోట్లు ఒకటి, రెండు, మూడు అని ఏడు దాకా లెక్కపెట్టాడు. మధ్యలో ఒకటి సరిగ్గా కనబడలేదేమో, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.